ప్రొబేషను చట్టమున సరిహద్దు ప్రశ్న

1958 నాటి అపరాధుల ప్రొబేషను చట్టము మన దేశమున ఉదారమైన శాసనముగా పేరొందినది. 1964లో రతన్‌లాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు అధికసంఖ్యాకుల తీర్పు వ్రాసిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, రాజమహేంద్రవరమున జన్మించిన ఆంధ్రుడు, దీనిని దండనీతి సంస్కరణమున నొక మైలురాయిగా పరిగణించెను. ఆ ప్రశంస తగినదే. అయితే ఆ వ్యాజ్యముననే ఈ చట్టపు బలహీనతయు తొంగిచూచుచున్నది. అపరాధి పదునాఱేండ్ల బాలుడు. అతనికి శిక్ష పడినది 1962 మే నెలలో. గుర్‌గావ్ జిల్లాలో చట్టము అమలునకు వచ్చినది ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీన. రాష్ట్రప్రభుత్వములు తమకు తోచిన తేదీన, రాష్ట్రమున తమకు తోచిన భాగమున దీనిని ప్రవేశపెట్టవచ్చునని మొదటి సెక్షనే చెప్పుచున్నది. పుట్టుకతోనే స్థలమునకు కట్టుబడిన చట్టమిది. అట్టి చట్టము స్థలము మార్చువాని నెట్లు చూచునో విమర్శింపదగియున్నది.

నాలుగవ సెక్షను ప్రకారము, మరణదండనకు గాని యావజ్జీవశిక్షకు గాని పాత్రముకాని నేరము చేసినవానిని కోర్టు వెంటనే శిక్షింపక, మూడేండ్లకు మించని కాలమునకు ముచ్చలిక వ్రాయించుకొని విడువవచ్చును. అవసరమని తోచినచో ఏడాదికి తగ్గకుండ ప్రొబేషను అధికారి పర్యవేక్షణ క్రింద ఉంచవచ్చును. దీనికొక నిబంధన కలదు. కోర్టు పరిధిలోనో, ముచ్చలిక కాలమున అపరాధి నివసింపగల తావుననో, అతనికి గాని అతని జామీనుదారునకు గాని స్థిరనివాసమో నిలుకడగల వృత్తియో ఉండవలెను. సానుభూతితో చదివినచో ఆ రెండవ తావు పరరాష్ట్రమైనను కావచ్చును. శాసనకర్తలు తలుపు మూయలేదు. ఆవల త్రోవ మాత్రము వేయలేదు.

కోవిల్‌పట్టి, విరుదునగరము ఈ ప్రశ్నకు మంచి పరీక్షాస్థలములు. ఆ నల్లరేగడి నేలలలో శతాబ్దముల క్రిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు రెండు తావులందును కలవు. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో ఆ వలసకథనే తమిళమున చెప్పెను. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోనిది. విరుదునగరము 1985లో ఏర్పడిన వేఱొక జిల్లా. కోవిల్‌పట్టి కోర్టు విడిచినవాడు విరుదునగరమున కాపురముండదలచినచో పెద్ద చిక్కు లేదు. అపరాధి ప్రస్తుతము నివసించు జిల్లా మేజిస్ట్రేటు, ఉత్తరువున పేర్కొన్న ప్రొబేషను అధికారికి బదులు మఱియొకనిని నియమింపవచ్చునని 13వ సెక్షను చెప్పుచున్నది. ఇరువురు అధికారులును ఒకే ప్రభుత్వపు కొలువువారు. ఒకే భాషలో వ్రాయుదురు.

ఆ కోవిల్‌పట్టివాడే నెల్లూరునకు పనికి పోయి, అచ్చట చిన్న దొంగతనమున పట్టువడెననుకొందము. అతడు ఇరువదియొక యేండ్లకు లోబడినవాడైనచో ప్రొబేషను అధికారి నివేదిక తెప్పించుకొనుట కోర్టునకు విధి. నెల్లూరు అధికారి కోవిల్‌పట్టి వీథులలో విచారింపజాలడు. కోవిల్‌పట్టి అధికారి నెల్లూరు కోర్టునకు జవాబుదారి కాడు. ఉత్తరము వ్రాయవచ్చును, దానికి ఎన్నిదినములలో బదులీయవలెనో, ఈయకున్న నేమగునో చట్టమున లేదు. నివాసము ఋజువుకానివానిని విడుచుటకు న్యాయాధికారి జంకుట సహజము. తుదకు ఒకే నేరమునకు ఊరివాడు ఇంటికిని, పైవాడు జైలునకును పోవలసివచ్చును. ఈ చట్టముపై ప్రధానాక్షేపమిదియే. 1936 నాటి మద్రాసు ప్రొబేషను చట్టపు కాలమున ఈ రెండూళ్లును ఒకే రాజధానిలోనివి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు, క్రొత్తగీత ఇట్టివానికి అడ్డుగోడ యగునని ఎవ్వరును తలచియుండరు.

13వ సెక్షనున ‘జిల్లా’ యను మాటను రాష్ట్రపు హద్దులోనికి కుదించు పదమేదియు లేదు. కావున తూత్తుకుడి మేజిస్ట్రేటు నెల్లూరు ఉత్తరువును స్వీకరించి తన అధికారిని నియమించుట తప్పుగాదనియే చెప్పవలెను. అయినను షరతు తప్పినప్పుడు కథ మరల మొదటికే వచ్చును. 9వ సెక్షను ప్రకారము వారంటుగాని సమనుగాని పంపవలసినది ఉత్తరువిచ్చిన కోర్టు, లేదా మూలనేరమును విచారింపదగిన కోర్టు. మొదటి తప్పునకు వేయదగిన జరిమానా ఏబది రూపాయలకు మించరాదు. దానికై సుమారు ఏడువందల కిలోమీటర్ల ప్రయాణము! 1958లో ఏబది రూపాయలు చిన్నమొత్తము కాదు; నేడది ఒకపూట భోజనపు వెల.

భాషాప్రశ్న ఇంతకంటె సున్నితమైనది. షరతులను అపరాధికి వివరింపవలెను, ఉత్తరువు నకలు అతనికిని జామీనుదారునకును ప్రొబేషను అధికారికిని ఈయవలెను అని చట్టమున కలదు. ఏ భాషలో నని లేదు. కోవిల్‌పట్టి తెలుగువారిలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడుదురు. చదువుట, వ్రాయుట తమిళముననే. నెల్లూరు కోర్టులో న్యాయాధికారి నోటిమాట అట్టివానికి చాలవఱకు బోధపడును. చేతికిచ్చిన తెలుగు కాగితము మాత్రము అతనికి మూగకాగితము. కోవిల్‌పట్టి అధికారికిని అంతే. ముచ్చలిక యను మాట తమిళమునను ‘ముచ్చలిక్కై’ యని కలదు. మాట కలిసినను లిపి కలియదు. ఏ తేదీన హాజరుకావలెనో చదువలేక తప్పినవాడును, బుద్ధిపూర్వకముగా తప్పినవాడును కోర్టు కంటికి ఒక్కటిగనే కనబడుదురు.

ఖైదీల బదిలీ చట్టము 1950లోనే వచ్చినది. రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలో నాలుగవ అంశము ఖైదీలను, నిందితులను, ముందుజాగ్రత్త నిర్బంధమున ఉన్నవారిని రాష్ట్రాంతరమునకు తరలించుటను పేరుపెట్టి చెప్పుచున్నది. బంధితుని తరలించుటకు రాజమార్గమున్నది. విడువబడినవాని పర్యవేక్షణను తరలించుటకు కాలిబాటయు లేదు. ఇది విపరీతము.

అమెరికా సంయుక్తరాష్ట్రములు ఈ చిక్కును ముందే గుర్తించినవి. అచ్చటి కాంగ్రెసు 1934లో అనుమతి నీయగా 1937లో రాష్ట్రములు ఒడంబడిక చేసికొనినవి. 2002లో దానికి బదులు క్రొత్త ఒడంబడిక అమలునకు వచ్చినది. స్వీకరించు రాష్ట్రము 45 దినములలో విచారించి బదులీయవలెను. అపరాధి ఆ రాష్ట్రవాసియై, తొంబదిదినములకు మించి పర్యవేక్షణకాలము మిగిలి, తగిన జీవనాధారమును సత్ప్రవర్తనయు ఉన్నచో, స్వీకరించుట దయ కాదు, విధి. ఆ యంత్రాంగమంతయు మనకు అక్కఱలేదు. గడువును విధియును గ్రహించిన చాలును.

పెరోలు విషయమున చిక్కు మఱింత ముదురును. కారాగారములు రాష్ట్రజాబితాలోనివి, తమిళనాడున 1982 నాటి శిక్షానిలుపుదల నియమములు, ఇతర రాష్ట్రముల యందు వారివారి నియమములు. అది వేఱొక వ్యాసమునకు తగిన విషయము.

ప్రొబేషను మట్టుకు 17వ సెక్షను కేంద్రప్రభుత్వపు ఆమోదముతో నియమములు చేయు అధికారమును రాష్ట్రముల కిచ్చియే యున్నది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు ఒకే పాఠముతో నియమములు ప్రకటించి, నివేదికకు గడువు పెట్టి, నకలును తెలుగు తమిళ లిపులు రెండింటను ఈయవలెనని శాసించినచో సగము పని తీరును. షరతు తప్పినవానిని విచారించు అధికారమును అతడు నివసించు తావునందలి కోర్టునకు బదలాయించుటకు మాత్రము పార్లమెంటు 9వ సెక్షనును సవరింపవలసియుండును.