పొరల కాగితం, రబ్బరు ముద్ర: చేత్తో చేసే గ్రీటింగ్ కార్డు

చేత్తో చేసే గ్రీటింగ్ కార్డుకు ఆధారాలు రెండు: ఒకదానిపై ఒకటి అతికించిన కాగితపు పొరలు, వాటి మీద సిరాతో వేసిన రబ్బరు ముద్రలు. పొరలు కార్డుకు లోతునిస్తాయి, ముద్రలు బొమ్మనీ అక్షరాలనీ ఇస్తాయి. బొమ్మలు గీయడం రానివారు కూడా ఈ రెండింటితో అందమైన కార్డు చేయగలరు. నేర్చుకోవలసిందల్లా కొలత, వరస, చేతి ఒత్తిడి.

1843లో లండన్‌లో హెన్రీ కోల్ కోరిక మీద జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ గీసిన కార్డును అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డుగా చెబుతారు. దానికి నాలుగేళ్ల ముందు, 1839లో, రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారకుండా ఉంటుందని చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. రబ్బరు స్టాంపు రావడానికి ఆ పద్ధతే దారి వేసింది. మన దగ్గర 1980, 90లలో డిసెంబరు చివరి వారం వచ్చిందంటే పుస్తకాల దుకాణాల ముందు కొత్త సంవత్సరం కార్డులు వరసగా వేలాడేవి. సెల్‌ఫోన్ సందేశాలు వచ్చాక ఆ సందడి తగ్గింది. కొన్న కార్డు చేసే పని ఫోన్ కూడా చేయగలదు. చేసిన కార్డు సంగతి వేరు. అందులో చేసినవారి శ్రమ, సమయం కంటికి కనబడతాయి.

అచ్చుతో బొమ్మ వేయడం తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో చేతిపనుల సంత శిల్పారామం ఉంది. అక్కడి దుకాణాల్లో అమ్మే కలంకారీ దుప్పట్లను, చీరలను దగ్గరగా చూస్తే కార్డు పనికి కావలసిన మూలసూత్రం అర్థమవుతుంది. శ్రీకాళహస్తి పద్ధతిలో బొమ్మను కలంతో గీస్తారు. మచిలీపట్నం పద్ధతిలో, ఆ ఊరి దగ్గరి పెడన పనివారు టేకు చెక్కతో చెక్కిన అచ్చులను రంగులో అద్ది బట్ట మీద వేస్తారు. ఒక పువ్వుకు ఒకే అచ్చు సరిపోదు. గీతలకు ఒకటి, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కొక్కటి కావాలి. బొమ్మను ఇలా రంగుల వారీగా విడదీసి, మళ్లీ ఒకదానిపై ఒకటి చేర్చడమే నేటి పొరల స్టాంపుల కిటుకు కూడా. తేడా వరసలో ఉంది. పెడనలో సాధారణంగా నల్ల గీతల అచ్చు ముందు పడుతుంది. కాగితం మీద మాత్రం లేత రంగు ముందు, ముదురు రంగు చివర. మామిడికాయ బొమ్మే తీసుకుంటే మొదట లేత ఆకుపచ్చతో నిండు ఆకారం, దాని మీద నీడకు మరికాస్త ముదురు పచ్చ, ఆఖరున అంచు గీతలు.

కార్డుకు పీఠం దళసరి కాగితం. చదరపు మీటరుకు 250 గ్రాముల బరువున్నది బాగా నిలబడుతుంది. ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే 105×148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. కాగితంలో నారలు ఒక దిశగా పరుచుకుని ఉంటాయి. రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే ఎటు తేలిగ్గా వంగుతుందో, మడత గీత అటు వచ్చేలా కోయాలి. లేకపోతే మడత దగ్గర కాగితం పగులుతుంది. మడిచే ముందు స్టీలు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి గీయాలి. గాడి బయటికి, దాని ఉబ్బు లోపలికి వచ్చేలా మడిస్తే అంచు నున్నగా ఉంటుంది.

పీఠం మీద పొరలు మెట్లు మెట్లుగా చిన్నవవుతాయి. మొదటి పొర 97×140 మిల్లీమీటర్లు ఉంటే చుట్టూ 4 మిల్లీమీటర్ల అంచు కనబడుతుంది. దాని మీది పొర 91×134 ఉంటే 3 మిల్లీమీటర్ల అంచు. ఈ అంచులు నాలుగు వైపులా సమానంగా ఉన్నాయా లేదా అన్నది చూసేవారి కన్ను మొదటే పట్టేస్తుంది. అందుకే కత్తెర కన్నా స్కేలు, కట్టర్ మేలు. నీళ్లతో కూడిన జిగురు ఎక్కువైతే పలుచని కాగితం అలలు తిరుగుతుంది. పెద్ద పొరలకు డబుల్ సైడ్ టేపు, పైకి లేచి కనబడాల్సిన పువ్వుకో పేరుకో ఫోమ్ టేపు వాడడం మంచిది. ముద్రలన్నీ పొరలు అతికించక ముందే వేసుకోవాలి. ముద్ర చెదిరితే ఆ ఒక్క ముక్క మార్చుకుంటే చాలు, కార్డంతా పోదు.

ముద్ర వేయడంలో అసలు సంగతి ఒత్తిడి. చిన్న స్టాంపును ప్యాడ్ మీద అద్దవచ్చు. పెద్దదైతే స్టాంపును వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌నే దాని మీద తేలిగ్గా తట్టాలి. రుద్దితే సిరా గుంటల్లోకి దిగి గీతలు మొద్దుబారతాయి. కాగితం కింద కాస్త మెత్తదనం ఉండాలి. పెడనలో బల్ల మీద మెత్తగా పరుపులా పరిచేది ఇందుకే. కార్డు పనికి పాత మౌస్ ప్యాడ్ అతికినట్టు సరిపోతుంది. స్టాంపును నిలువుగా దించి, వేళ్లతో అన్ని వైపులా సమంగా నొక్కి, అటూ ఇటూ ఊపకుండా నిలువుగానే ఎత్తాలి. కొత్త పారదర్శక స్టాంపు నునుపుకు సిరా బొట్లుగా విడిపోతుంటే దాని ముఖాన్ని పెన్సిల్ రబ్బరుతో ఒకసారి రుద్దాలి. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట దాచుకోవాలి.

సిరాల్లో ప్రధానంగా రెండు రకాలు. డై సిరా కాగితంలోకి ఇంకి త్వరగా ఆరుతుంది. పిగ్మెంట్ సిరా పైనే నిలిచి మెల్లగా ఆరుతుంది, రంగు నిండుగా ఉంటుంది. ఆ మెల్లదనమే ఎంబాసింగ్‌కు అక్కరకొస్తుంది. తడి ముద్ర మీద ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలింది దులిపి, హీట్ గన్‌తో వేడిచేస్తే పొడి కరిగి ముద్ర బంగారు రేకులా ఉబ్బుతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ దీనికి పనికిరాదు. దాని గాలికి పొడి ఎగిరిపోతుంది, వేడి చాలదు. హైదరాబాద్ వానాకాలంలో కాగితం చెమ్మగిల్లి పొడి ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. ముద్రకు ముందు ముఖానికి రాసుకునే పౌడరును పొడి బ్రష్‌తో పలుచగా అద్ది దులిపితే ఆ బెడద ఉండదు.

తెలుగు అక్షరాల స్టాంపు కావాలంటే ఆఫీసు ముద్రలు చేసే దుకాణానికి వెళ్లాలి. స్వయంగా రాసిన ‘ఉగాది శుభాకాంక్షలు’ ఇచ్చినా వారు దానితో స్టాంపు చేసి పెడతారు. పాలిమర్ పద్ధతిలో అక్షరాల నెగటివ్‌ను ద్రవ పాలిమర్‌పై పెట్టి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. కాంతి తగిలిన భాగం గట్టిపడుతుంది, తగలనిది కడిగితే పోతుంది. మన లిపిలో జాగ్రత్త పడవలసింది సున్నాల దగ్గర, గుడుల దగ్గర, ఒత్తుల దగ్గర. చిన్న గుండ్రాల్లో సిరా నిండితే ‘శు’ ఏదో ‘కు’ ఏదో తెలియదు. కాబట్టి అక్షరం కాస్త పెద్దదిగా, లోపలి ఖాళీలు విశాలంగా, గీత సన్నగా ఉండాలి.

పొరలకు కాగితం కొనవలసిన అవసరం తరచు ఉండదు. హైదరాబాద్‌లోని ఛత్తాబజార్‌లో అచ్చయిన పెళ్లి శుభలేఖలు ప్రతి ఇంట్లోనూ పేరుకుంటాయి. దళసరి అట్ట, బంగారు రేకు అంచులు, రంగుల కవర్లు అన్నీ పనికొచ్చేవే. వినాయకుడి బొమ్మ ఉందని పారేయడానికి మనసొప్పనివారికి ఇది మంచి మార్గం. ఆ బొమ్మను జాగ్రత్తగా కత్తిరించి కొత్త కార్డు నడిమధ్యన పెట్టవచ్చు.

పోస్టులో పంపే కార్డుకు బరువు చూసుకోవాలి. తపాలా శాఖ ఉత్తరాల రుసుమును 20 గ్రాముల మెట్లుగా లెక్కిస్తుంది. పైన చెప్పిన పీఠం దాదాపు 8 గ్రాములు. చదరపు మీటరుకు 200 గ్రాముల కాగితంతో రెండు పొరలు కలిపి 5 గ్రాములకు పైచిలుకు. కవరు కూడా చేరితే 20 గ్రాములకు మిగిలేది కొద్దే. ఫోమ్ టేపు మందం మీద తపాలా ముద్ర గట్టిగా పడితే కార్డు నలుగుతుంది కనుక లోపల ఒక సాదా అట్ట అదనంగా పెట్టి, తగిన బిళ్లలు అంటించడం మేలు.

చివరి పొర లోపలిది. తెల్లటి పలుచని కాగితం విడిగా కోసి, చెప్పదలచుకున్న నాలుగు మాటలు దాని మీద చేతిరాతతో రాసి, ఆ తర్వాతే కార్డులో అతికించాలి. దిద్దుబాట్లకు వీలుంటుంది, రాసేవారికి తొందర ఉండదు. ముద్రలు ఎందరికైనా ఒకేలా పడతాయి. ఆ నాలుగు మాటలు మాత్రం ఒక్కరి కోసమే రాసినవి. కాగితం కొలిచి, గాడి గీసి, ముద్ర ఆరేదాకా ఆగిన ఓపికంతా ఆ ఒక్కరికి ఇచ్చినదే. ఈ కళకు విలువ అక్కడే ఉంది.