రెక్క కొసన నలుపు

నత్తగుల్ల కొంగ ఒళ్లు తెలుపు, రెక్కల వెనక అంచులూ కొసలూ తోకా నలుపు. కొల్లేరు మీద అది రెక్కలు చాచి తేలుతున్నప్పుడు కింద నుంచి చూస్తే ఈ హద్దు స్పష్టంగా తెలుస్తుంది. నలుపు అక్కడే ఉండడానికి కారణం ఉంది. ఈకకు నల్లరంగునిచ్చే మెలనిన్ ఈకను గట్టిపరుస్తుంది కూడా. ఎగిరేటప్పుడు గాలికీ ఇసుక రేణువులకీ ఎక్కువగా అరిగేది రెక్క కొసలే. తెల్ల ఈక త్వరగా చిరుగుతుంది, నల్ల ఈక నిలుస్తుంది. సముద్రపు కాకులు (గల్ పక్షులు) చాలావాటికి రెక్క కొసలు నల్లగా ఉండేదీ ఇందుకే.

తెలుపుకు వర్ణద్రవ్యమంటూ లేదు. ఈకలోని కెరటిన్ మధ్య గాలి గదులుంటాయి. వాటి మీద పడిన వెలుగు అన్ని వైపులా చెదిరిపోతుంది, నీటికి రంగు లేకపోయినా నురగ తెల్లగా కనిపించినట్టే. మెలనిన్ పలచబడితే బూడిదరంగు. ఊరకాకి మెడ, నారాయణపక్షి వీపు అలాంటివే. గూడకొంగ తెలుపు కూడా నిజానికి బూడిద కలిసినదే. పాత ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని బూడిద పెలికాన్ అనే పిలిచాయి. 1946లో పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో చూసిన పెద్ద గూళ్ల కాలనీ ఈ పక్షిదే. 1970ల్లో ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. ఇప్పుడు కైకలూరు దగ్గరి ఆటపాకలో గూళ్లు కడుతోంది. అంత పెద్ద కాలనీ పోవడం తీరని నష్టం.

మరి ఒళ్లంతా తెల్లగా ఉండే కొంగ సంగతి? నీటిలోంచి పైకి చూసే చేపకు వెలుతురు ఆకాశం ముందు తెలుపు సులువుగా ఆనదన్నది ఒక వివరణ. దూరం నుంచి కనిపించి తోటి కొంగలను మేత దగ్గరికి రప్పిస్తుందన్నది మరొకటి. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. దమ్ము చేసే ట్రాక్టరు వెనక చేరే కొంగలను చూస్తే రెండోదానికే బలం ఎక్కువనిపిస్తుంది. ఆ కొంగ తెలుపు ఏడాది పొడవునా ఒకటే కాదు. దాళ్వాలో తెల్లగా తిరిగినదానికే, సార్వా ఊడ్పుల నాటికి జతకట్టే వేళ కావడంతో తలా మెడా వీపూ నారింజ ఛాయకు తిరుగుతాయి.

గుడ్డికొంగ దీనికి పూర్తిగా వేరు. కాలవగట్టు మీద మట్టిరంగు చారలతో కదలకుండా నిలబడితే కళ్ల ముందున్నా కనిపించదు. ఎగిరిందంటే రెక్కలు తెల్లగా విచ్చుకుంటాయి. కూర్చున్నప్పుడు కొట్టొచ్చినట్టుండే రంగును మూసుకోవడం, ఎగిరేటప్పుడు తెరవడం దాని పద్ధతి.

చేపల చెరువు మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచే నలుపు తెలుపు లకుముకిలో, మగదానికి రొమ్ము మీద రెండు నల్లపట్టీలు, ఆడదానికి మధ్యలో తెగిన ఒక్కటే. నలుపు ఇక్కడ గుర్తుగా పనిచేస్తోంది. నీటికాకి ఒళ్లంతా నలుపే. దాని ఈకల అంచులు తడిసిపోతాయి, అందుకే మునగడం తేలికవుతుంది, పైకొచ్చాక కర్ర మీద వాలి రెక్కలు ఆరబెట్టుకుంటుంది.

అప్పుడప్పుడు ఊళ్లో తెల్లకాకి కనిపించిందని వార్త వస్తుంది. అక్కడ చూడాల్సింది కన్ను. కన్ను గులాబీరంగులో ఉంటే శరీరంలో మెలనిన్ తయారీయే లేదు. కన్ను మామూలుగా నల్లగా ఉంటే మెలనిన్ తయారవుతూనే ఉంది, ఈకలకు మాత్రమే చేరడం లేదు.