చిత్తూరుసీమ భారతములో దుర్యోధనుడు

నాయకుని గుణగణములను వర్ణించుట కథకులకు సులభము. అతని కెదురు నిలువదగిన వానిని సృజించుట కష్టము. ఎదిరి అల్పుడైనచో నాయకుని గెలుపు తేలిపోవును. ఎదిరి కేవల దుర్మార్గుడైనచో అతని పతనము మనకు ఉపశమనమునే కలిగించును గాని వ్యథను కలిగింపజాలదు. ఈ చిక్కుముడికి అలంకారశాస్త్రమున సమాధానము వెదకువారు వెదకుదురు గాక. నాకు మాత్రము తిరుపతి, చిత్తూరు ప్రాంతముల ధర్మరాజుల గుళ్ల ముంగిట వేసవి మొదలుకొని ఆడి నెల వఱకు ఊరూర జరుగు భారత మహోత్సవములలో ఆ సమాధానము గజ్జెల మ్రోతతోను, మద్దెల దరువుతోను, తడిమట్టి వాసనతోను కన్నులయెదుట నిలిచియున్నది.

1911 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తరార్కాటు, కడప జిల్లాల తాలూకాలను కొన్నింటిని చేర్చి చిత్తూరు జిల్లాను ఏర్పఱచిరి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కేంద్రముగా మఱియొక జిల్లా ఏర్పడినది. ఈ సరిహద్దు లెన్ని మాఱినను, పుత్తూరు, శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు మొదలగు చోట్ల ద్రౌపదీసమేత ధర్మరాజస్వామి కొలువులు మాఱలేదు. అరవదేశపు తెరుక్కూత్తునకును ఈ సీమ వీధినాటకమునకును నెత్తురు పొత్తు కలదు. తమిళసీమలోని ద్రౌపదీ ఆరాధనమును ఆల్ఫ్ హిల్టెబైటెల్ అను అమెరికా పండితుడు గ్రంథస్థము చేయగా తొలి సంపుటము 1988లో వెలువడినది. ఆ పండితుడు చూచిన ఆచారముల ఛాయలు పెక్కు మన పల్లెలలోను గోచరించును. పగటివేళ హరికథకుడు భారతమును వినిపించును. రాత్రి నాటకమువాండ్రు దానినే ఆడి చూపుదురు. బకాసురునకు కూటిబండి వీధుల వెంట సాగును, ద్రౌపదీకల్యాణము జరుగును, అర్జునవేషధారి పద్యములు పాడుచు మెట్టుమెట్టుగా తపసుమాను నెక్కి పైనుండి నిమ్మపండ్లు విసరగా, సంతానము కోరు స్త్రీలు క్రింద కొంగులు పట్టి నిలుతురు. వస్త్రాపహరణము, రాయబారము, అభిమన్యుని మరణము, కర్ణుని మరణము వరుసగా గడచి తుదకు దుర్యోధనవధ వచ్చును. పిదప భక్తులు అగ్నిగుండము త్రొక్కుదురు.

ఇన్ని ఘట్టములలోను మొదటినుండి తుదివఱకు కథను మోయువాడు దుర్యోధనుడే యని నా తలంపు. అర్జునునకు తపస్సు, భీమునకు బకవధ, ధర్మరాజునకు పట్టాభిషేకము వేఱువేఱు దినములలో వచ్చి పోవును. వీరందఱి కష్టమునకును హేతువై, వీరందఱి ప్రతిజ్ఞలకును గుఱియై, రాత్రి వెంట రాత్రి మరల మరల ఎదురుపడువా డితడొక్కడు.

ఆ పాత్ర ప్రవేశమును చూడుడు. ఇద్దఱు మనుష్యులు చెఱియొక కొన పట్టుకొనిన తెర వెనుక వేషధారి నిలుచును. ముందుగా కిరీటపు కొన మాత్రము కనబడును, పిమ్మట గజ్జెల మ్రోత వినబడును, పాట మొదలగును. తమిళులు కట్టియక్కారన్ అని పిలుచు హాస్యగాడు తెర కీవల నిలిచి, ఎవరవయ్యా నీవని ప్రశ్నింపగా, తన వంశమును, తన రాజ్యవైభవమును, తన పరాక్రమమును అతడు స్వయముగా చెప్పుకొనును. అద్దములు తాపిన కొయ్యకిరీటము, భుజకీర్తులు, ఎఱ్ఱని ముఖము, ఒత్తైన మీసము — ఇవన్నియు ప్రేక్షకునకు ఒక్కసారిగా చిక్కవు. తెర తొలగునప్పటికే అతని రాజసము సభను ఆక్రమించి యుండును. ప్రతినాయకుని గూర్చి ఇతరులు చెడుగా చెప్పకమునుపే, అతనిని గూర్చి అతనిచేతనే చెప్పించుట ఈ సంప్రదాయమున నేను మిక్కిలి మెచ్చు నేర్పు. తన కంటితో తన్ను చూచుకొను అవకాశమును పొందిన పాత్ర ఇక కేవలము నాయకుని దారిలోని ముల్లు కాదు.

రెండవ నేర్పు వ్యాసుని నుండి వచ్చినది. భీముడును దుర్యోధనుడును ఒకే ఇంట పెరిగి, ఒకే ద్రోణునివద్ద విద్య నేర్చి, గదావిద్యకు ఒకే బలరాముని శిష్యులైనవారు. ఇరువురకు నడుమ మొదటనే కొండంత అంతరమున్నచో అది పోటీ కాదు. కడపటి యుద్ధమునకు ముందు శ్రీకృష్ణుడే అంగీకరించిన మాట యొకటి శల్యపర్వమున నున్నది: భీముడు బలవంతుడే, కాని దుర్యోధనుడు నేర్పరి; పాండవులు వనవాస అజ్ఞాతవాసములలో నున్న పదుమూడేండ్లును అతడు ఇనుముతో భీముని ప్రతిమ చేయించి దానిపై గదాభ్యాసము చేసినాడట. పదుమూడేండ్ల సాధన! ద్వేషము సోమరిగా కూర్చుండలేదు; చెమటోడ్చినది. ఆ ఇనుపభీముని గూర్చి చదివిన నాటినుండి దుర్యోధనుని కేవలము అసూయాపరుడని త్రోసిపుచ్చుటకు నాకు మనసొప్పదు. ఇంతేకాక, యుద్ధాంతమున దాగిన మడుగునుండి వెలువడిన అతనితో ధర్మరాజు తొందరపడి, మాలో ఎవనినైనను ఎన్నుకొని గెలువుము, రాజ్యము నీదే యనెను. నకులసహదేవులలో నొకని కోరియుండినచో ఏమగునో యని కృష్ణుడు ధర్మరాజును మందలించెను. దుర్యోధనుడు అట్లు కోరలేదు. తనకు సరిజోడైన భీమునితోనే తలపడెను.

వీధినాటకమున పదునెనిమిదవనాటి యుద్ధపు రాత్రి ఈ పాత్రకు పరాకాష్ఠ. ఆ రాత్రి రంగస్థలము అతనిదే. తమ్ములందఱును మడిసిరి, కర్ణుడు లేడు, ద్రోణభీష్ములు లేరు, పదునొకండు అక్షౌహిణులకు అధిపతియైనవాడు ఒంటరిగా శవముల నడుమ తిరుగును. నాటకము ఇచ్చట పరుగెత్తదు. ఒక్కొక్క ఆప్తుని తలచుకొని ఒక్కొక్క పాట, మద్దెల నెమ్మదించును, తాళము విడిపోవును. నడిరేయి దాటిన పిదప, నిద్రించు పిల్లలను ఒడిలో నుంచుకొని కూర్చున్న తల్లులు ఈ పాటలు విని కన్నీరు తుడుచుకొనుట ఈ సీమవారికి క్రొత్త కాదు. మఱునాడు ఆ తల్లులే అతని వధను చూచి జయజయధ్వానములు చేయుదురు. ఈ రెండింటికిని వారికి పరస్పర విరోధము కనబడదు, నాకును కనబడదు. అతని దుఃఖమును పూర్తిగా వినిన పిదపనే అతని దండన న్యాయమగును.

తెల్లవాఱిన తరువాత గుడి ముందటి బయలున మట్టితో చేసిన మహాకాయము వెల్లకిల పరుండి యుండును. బండ్లకొలది మన్ను తెచ్చి, తడిపి, మెత్తి, ఆజానుబాహువుగా మలచి, కిరీటము పెట్టి, కన్నులు దిద్ది, మీసము దువ్వి, రంగులు పూసి, నిలువెత్తు మనుష్యుడు ఆ బొమ్మ ప్రక్కన చిన్నవాడై కనబడునంత పెద్దదిగా దానిని తీర్చుదురు. తొడ యొద్ద ఎఱ్ఱనీటిని దాచియుంతురు. రాత్రియంతయు గొంతెత్తి పాడిన దుర్యోధనవేషధారి, కనుఱెప్ప మూయకయే, గద చేబూని ఆ మట్టిదేహము చుట్టును, దాని మీదను పరుగిడును, భీమవేషధారి వెన్నంటును. తన శరీరముపై తానే పరుగిడు ఈ రాజును చూచినప్పుడు, దుర్యోధనునకు రెండు దేహములు — అలసి చెమర్చిన మానవదేహ మొకటి, మనుష్యప్రమాణమును మించిన అహంకారదేహ మొకటి — ఉన్నట్లు గోచరించును. పడునది రెండవది. తొడపై గద పడును, ఎఱ్ఱనీరు చిమ్మును, ద్రౌపది విరబోసిన కురులను ముడుచును. కేశబంధన ప్రతిజ్ఞ వ్యాసభారతమునకంటె భట్టనారాయణుని వేణీసంహారమునకు దగ్గఱ. అయినను ఈ పల్లెలలో అది శాస్త్రమైపోయినది. సరిహద్దు కావల తమిళపల్లెలలో ఆ మన్నును శుభప్రదముగా భావించి ఇండ్లకు కొనిపోవుదురు. శత్రువు దేహము ఇంటికి రక్షయగుట కంటె ఆ శత్రువునకు చేయదగిన గౌరవ మేమున్నది?

ఈ గౌరవము మన సీమకే పరిమితము కాదు. కేరళమున పోరువళి మలనడలో దుర్యోధనునకు పూజలు జరుగును. భాసుని ఊరుభంగమున తొడలు విఱిగి నేలబడిన అతడే కథానాయకుడు. పలమనేరు, కుప్పములకు ఆవలి కన్నడదేశమున పదియవ శతాబ్దపు రన్నకవి తన గదాయుద్ధకావ్యమున అతనికి అపూర్వమైన గాంభీర్యము నొసగెను. మన చలనచిత్రములలో నందమూరి తారకరామారావు 1966లో శ్రీకృష్ణపాండవీయమున కృష్ణ దుర్యోధన పాత్రలు రెంటిని తానే ధరించి, 1977లో దానవీరశూరకర్ణలో వానికి కర్ణపాత్రను గూడ చేర్చెను. ఆ చిత్రమునకు కొండవీటి వేంకటకవి వ్రాసిన సంభాషణములలో దుర్యోధనుని పలుకులు నేటికిని తెలుగువారి నోళ్లలో నానుచున్నవి.

ఇప్పుడు, విజ్ఞులైన పాఠకులకు వింతగా తోచవచ్చునైనను, ఇట్టి ఎదిరిపాత్రనే మలచిన పిల్లల చేతిపెట్టెలలోని ఆటలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. జపానులో 1996 ఫిబ్రవరి 27న గేమ్ ఫ్రీక్ అను సంస్థ గేమ్ బాయ్ యంత్రము కొఱకు పోకెమాన్ రెడ్, గ్రీన్ అను ఆటలను వెలువరించినది. సతోషి తజిరి ఆ ఆటల రూపకర్త. అద్భుతజంతువులను పట్టి, పెంచి, పోరాటమునకు దింపుట అందలి పని. పెంపుడు ప్రాణుల పోరుతో ఇద్దఱి స్పర్ధ ముడివడుట మనకు క్రొత్త కాదు. పలనాటి కథలో నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయునికిని నడుమ కోడిపోరు ఒక రాజ్యమునే వనవాసమునకు పంపినది. జపాను ఆటలో తొలిప్రాణి నిచ్చు ఆచార్యుని మనుమడు ఆటగానికి ఎదిరి. ఒకే ఊరు, ఒకే ఆచార్యుడు, ఒకే దినమున ప్రయాణారంభము! మూడు ప్రాణులలో ఆటగాడు ఒకదానిని కోరుకొన్న తోడనే, దానిని ఓడింపగల దానిని అతడు ఎన్నుకొనును: నీవు గడ్డిజాతిదానిని తీసికొనినచో అతడు నిప్పుజాతిదానిని తీసికొనును. అటుపై ఓడలోను, గోపురములోను, దారి మలుపులలోను మరల మరల ఎదురుపడి, ప్రతిసారియు బలము పెంచుకొని, కడకు ఆటగానికి కొలది క్షణములు ముందుగా సింహాసనము నెక్కి కూర్చుండును. ద్రోణుని ముంగిట పెరిగిన దాయాదుల పొందిక ఇచ్చట స్పష్టముగా నున్నది. ఆ మూలము జపానువారికి తెలిసియుండ నక్కఱలేదు. సమానమైన ఆరంభము, తప్పని పునస్సమాగమము, కోరిన దానిని ముందుగా దక్కించుకొనుట — ఎదిరిపాత్ర ఏ దేశమున పుట్టినను ఈ మూడింటిమీదనే నిలుచును.

1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటలలోని ఎదిరి మఱింత లోతైనవాడు. అతడు ఆచార్యుని శాలనుండి ప్రాణిని దొంగిలించి బయలుదేఱును. తన ప్రాణులను పనిముట్లుగా చూచును. అతనివద్ద గోల్‌బాట్ అను గబ్బిలమున్నది. అది క్రోబాట్‌గా మాఱవలెనన్నచో పెంచువానిపై దానికి ప్రేమ కలుగవలెను. వేఱు మార్గము లేదు. కథ చివర అతనివద్ద క్రోబాట్ కనబడును. అతడు మాఱినాడని ఉపన్యాసము చెప్పకయే, ఆట తన నియమముచేతనే ఆ మార్పును తెలియజేసినది. తెర వెనుక గజ్జెలమ్రోతతో రాజసమును తెలుపు మన నాటకమువాండ్రు ఈ సూక్ష్మతను తప్పక గుర్తింతురు. 2010 నాటి బ్లాక్, వైట్ ఆటలలో ఎన్ అను యువకుడు ఈ ప్రాణులను బంధించుట న్యాయమా యని ఆటయొక్క మూలమునే ప్రశ్నించును. శల్యపర్వమున తొడలు విఱిగిన దుర్యోధనుడును అట్లే భీష్ముని, ద్రోణుని, కర్ణుని ఏ ఉపాయములచేత కూల్చితిరని కృష్ణుని నిలదీయగా, ఆకాశమునుండి పూలవాన అతనిపైననే కురిసినట్లు వ్యాసుడు వ్రాసెను. నాయకుని ధర్మము ఎదుట నిలిచి సమాధానము లేని ప్రశ్న యడుగగల హక్కు ఎదిరికి ఇచ్చిన కథకుడు ధన్యుడు.

తరువాతి కాలపు ఆటలలో ఈ పాత్ర మెత్తబడినది. 2016 నాటి సన్, మూన్ ఆటలలోని హౌ, 2019 నాటి స్వోర్డ్, షీల్డ్ ఆటలలోని హాప్ ఇరువురును స్నేహశీలురు. ఆటగాడు కోరిన ప్రాణికి లొంగిపోవు ప్రాణినే ఎన్నుకొందురు. హాప్ ఓటమికి క్రుంగి, తుదకు వేఱొక జీవితమార్గము నెంచుకొనుట హృద్యముగనే యున్నది. కాని గెలుపును మొదటనే మన చేతిలో పెట్టినవానితో పోరాడి మనము నేర్చునది స్వల్పము. మంచితనము ఎదిరికి దోషము కాదు. ఓడిపోవుటకే పుట్టినట్లుండుట దోషము. దుర్యోధనుడు కర్ణునకు అంగరాజ్య మిచ్చిన స్నేహశీలి కాడా? అయినను ఇనుపభీముని ముందు పదుమూడేండ్లు నిలిచినాడు.

ఇటీవల కాలాభావమువలన ఎక్కడనైనను నాటకములను కుదింపవలెనను ఆలోచన కలిగినచో, ఉత్సవనిర్వాహకులకు నా విన్నప మొక్కటి: వధను చూచుటకు జనము ఎట్లును వత్తురు, పదునెనిమిదవనాటి రాత్రి నాటకమును మాత్రము తగ్గింపకుడు. ఆ రాత్రి పాటలు లేనిచో మఱునాటి మట్టిబొమ్మ వట్టి మట్టిబొమ్మగనే మిగులును. ఇక తిరుపతి, చిత్తూరు కళాశాలలలో చదివి, బెంగుళూరు, చెన్నపట్టణములలో ఆటలు కల్పించు యువకులారా, మీ ఊరి ధర్మరాజుల గుడి ముందు ధ్వజారోహణము జరిగిన వార్త విన్నప్పుడు సెలవు పెట్టి రండు. ఆ రాత్రి తెల్లవాఱువఱకు కూర్చుండి, దుర్యోధనవేషము కట్టినవాని పాట ముగిసిన తరువాత అతనితో మాటాడుడు.