డాబా ఎండకు అంకె ఎంత?

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగ్ పిల్లలు ఉండే హాస్టళ్లకు మే నెల వచ్చిందంటే పై అంతస్తు గదే పరీక్ష. ఆ గదిలో గాలి ఎటు తిరుగుతుందో, వేడి ఎక్కడ పేరుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే ఇంజనీరింగ్ విద్యార్థికి సమీకరణాలతో పేచీ లేదు. గాలి ప్రవాహాన్ని చెప్పే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు ఏ ఊళ్లోనైనా అవే. ఊరు లెక్కలోకి వచ్చేది అంచుల దగ్గరే. స్లాబుకు, కిటికీకి, తలుపుకు ఇచ్చే ఆ విలువలే బౌండరీ కండిషన్లు.

తొందరపాటు పనికిరానిదీ అక్కడే.

ముందు పైకప్పు. బయట 42 డిగ్రీలుంది కదా అని స్లాబుకూ 42 ఇస్తే ఎండను మరిచిపోయినట్టే. చదరపు మీటరుకు 900 వాట్ల ఎండ పడుతోందనీ, నల్లబడిన డాబా అందులో 70 శాతం పీల్చుకుంటోందనీ అనుకుందాం. ఉష్ణ బదిలీ గుణకం 20 అనుకుంటే, ఎండ వల్ల కలిసేది 31.5 డిగ్రీలు. ఆకాశంలోకి వికిరణంగా పోయేదానికి ఓ 4 డిగ్రీలు తీసేసినా, ఆ స్లాబు దాదాపు 70 డిగ్రీల గాలి కింద ఉన్నట్టే. దీన్నే సోల్-ఎయిర్ ఉష్ణోగ్రత అంటారు. తెల్లరంగు వేసి పీల్చుకునేది 30 శాతానికి తగ్గిస్తే అదే లెక్క 51 దగ్గర ఆగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానానికి ఆధారం ఈ తేడాయే.

అలాగని ఆ 70ని స్లాబు ఉపరితలానికే అంటగట్టకూడదు. బయటి ఉష్ణోగ్రతగా 70, గుణకంగా 20 ఇస్తే స్లాబు తన వేడిని తానే తేల్చుకుంటుంది. మధ్యాహ్నం తాగిన వేడిని కాంక్రీటు సాయంత్రం గదిలోకి వదులుతుంది కనుక, ఈ విలువలు గంట గంటకూ మారాలి.

కిటికీ ఇంకాస్త చిక్కు. దాన్ని ఉత్త అవుట్‌లెట్ అనుకుంటే కుదరదు. ఒకే కిటికీలో పైనుంచి వేడిగాలి బయటికి పోతూ, కిందనుంచి వేరే గాలి లోపలికి రావచ్చు. అందుకే అంచును కిటికీ దగ్గర కాకుండా బయటికి జరపాలి. భవనాల చుట్టూ గాలిని లెక్కించే యూరప్ మార్గదర్శకాలు గాలి వచ్చే వైపు భవనం ఎత్తుకు 5 రెట్లు, పోయే వైపు 15 రెట్లు వదలమంటాయి. 15 మీటర్ల హాస్టల్‌కు అది 75, 225 మీటర్లు. అంత మేర దిల్‌సుఖ్‌నగర్‌లో ఖాళీ జాగా ఉండదు కాబట్టి, పక్కిళ్లూ మోడల్‌లోకి రావాల్సిందే.

లోపలికొచ్చే గాలి సంగతీ చూడాలి. ఇలాంటి లెక్కలు చేసే ఆన్సిస్ ఫ్లూయెంట్ సాఫ్ట్‌వేర్‌లో గాలి సాంద్రత ముందుగానే ఘనపు మీటరుకు 1.225 కిలోలు అని ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గరి, 15 డిగ్రీల గాలి. 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో, 42 డిగ్రీల దగ్గర అది సుమారు 1.05. అంటే అదే ఎగ్జాస్ట్ ఫ్యాను అదే వేగంతో తిరిగినా బయటికి మోసుకుపోయే వేడి ఏడో వంతు తగ్గుతుంది.

ఈ పని నేర్చుకునేవాళ్లు ఒక సాయంత్రం థర్మామీటరుతో అలాంటి గదికి వెళ్లి స్లాబు అడుగుభాగాన్ని కొలవాలి. స్క్రీన్ మీది అంకెతో అది కలవకపోతే, టర్బులెన్స్ మోడల్ మార్చే ముందు డాబాకు ఏ విలువ ఇచ్చారో మళ్లీ చూసుకోవాలి.