ఆడించే సారును బట్టే ఆట

ఫలానావాడు బాగా ఆడేవాడు, ఫలానావాడికి ఏమీ రాదు అని మనం ఏళ్ల తరబడి చెప్పుకుంటుంటాం. ఆ పేరులో సగం ఆడించినవాడిదేనని నా నమ్మకం.

మా వెలిగండ్ల వైపు ఫుట్‌బాల్ తక్కువ, వాలీబాల్ ఎక్కువ. బళ్లో మాతో పొట్టి కుర్రాడొకడు ఆడేవాడు. ఎగిరినా చెయ్యి నెట్టు దాటేది కాదు. మా డ్రిల్లు సారు వాణ్ని లిఫ్టర్‌గా నిలబెట్టారు. వేళ్ల కొసలతో బంతిని లేపి, కొట్టేవాడికి అందేచోట పెట్టేవాడు. చూసేవాళ్లు వాడి పేరు పెట్టి అరిచేవాళ్లు. సారుకు బదిలీ అయ్యాక వచ్చినాయన వాణ్ని షాట్లు కొట్టమన్నారు. బంతులన్నీ నెట్టుకే తగిలాయి. ఆ ఏడాది మాత్రమే చూసినవాళ్లకు వాడు ఇప్పటికీ పనికిరానివాడే.

ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలిసిన మనిషి మన హైదరాబాద్‌లో ఉండేవారు. బడిపంతులుగా పనిచేసిన ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టి మరీ ఆటగాళ్ల లోపాలు సరిదిద్దేవారాయన.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో, రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టులో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందువరసలోకి పంపారు. కట్టుకట్టిన తలతోనే అతను సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్లు స్వర్ణం తెచ్చారు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మనకు రాలేదు.

జర్నైల్ సింగ్ మేటి ఆటగాడే. అంతటివాడికే చోటు చూపించే మనిషి కావాల్సివస్తే, మామూలు కుర్రాళ్ల సంగతి చెప్పాలా? మంచి కోచ్ దగ్గర మామూలు ఆటగాడు మన జ్ఞాపకంలో ఎదుగుతాడు. అది అభిమానుల భ్రమ కాదు. ఆ రోజుల్లో వాడు నిజంగానే అంత బాగా ఆడాడు. అందుకే ఓడిన పిల్లాణ్ని చేతకానివాడని తేల్చేముందు, వాడికి వచ్చిన పనే వాడికి అప్పజెప్పారా అని అడగాలి. ప్రతి బడికీ పిల్లల చేతులూ కాళ్లూ గమనించే ఆటల సారు ఒకరు ఉండి తీరాలి.