లేని గుమ్మటం కింద

రోమ్ నడిబొడ్డున వియా దెల్ కోర్సో మీద ఏ వేళప్పుడు చూసినా జనమే. బట్టల కొట్లు, బస్సులు, పాంథియన్ వైపు తోసుకుంటూ పోయే టూరిస్టులు. అందులోంచి పక్క సందులోకి మళ్లితే, నాటకానికి వేసిన సెట్టింగులా వంపులు తిరిగిన ఇళ్లతో చిన్న కూడలి ఒకటి వస్తుంది. 1720ల చివర్లో ఫిలిప్పో రగుజ్జీని గీసిన ఇళ్లవి. వాటికి ఎదురుగా, ఆ చోటుకు మించిన ఎత్తుతో సాంత్ ఇన్యాజియో చర్చి నిలబడి ఉంటుంది.

లోపలికి వెళితే మొదట కనపడేది క్యూ. ప్రార్థనకు కాదు, అద్దానికి. పైకప్పు కనపడేలా ఏటవాలుగా పెట్టిన అద్దం అది. దాని మీదికి వంగి, తన మొహమూ పైనున్న స్వర్గమూ ఒకే ఫొటోలో పడేలా చూసుకుని, పక్కకి తప్పుకోవాలి. ఇటీవలి ఏళ్లలో ఈ ఫొటో ఫోన్లలో ఊరూరా తిరిగింది. పైకప్పు చూద్దామని వచ్చినవాళ్లందరూ తలలు దించుకుని నిలబడటం చూస్తే కొంచెం నవ్వొస్తుంది. అయితే వెక్కిరించే పనేమీ లేదు. మెడ నొప్పి ఎవరికైనా నొప్పే, అద్దంలో బొమ్మ నిజంగానే బాగా పడుతుంది. చిక్కల్లా ఒకటే: ఈ పైకప్పును కళ్లతో పాటు కాళ్లతో కూడా చూడాలి. క్యూలో కాళ్లకు పనుండదు.

జెస్యూట్ అనే క్రైస్తవ సన్యాసుల సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలాను 1622లో పునీతుడిగా ప్రకటించాక, నాలుగేళ్లకు ఆయన పేరిట ఈ చర్చికి పునాది పడింది. డబ్బు కార్డినల్ లుడొవీసిది, పని చూసింది ఒరాజియో గ్రాస్సీ అనే జెస్యూట్ లెక్కల పండితుడు. తోకచుక్కల విషయంలో గెలీలియోతో వాదం పెట్టుకుని, 1623లో ఆయన రాసిన ఒక పుస్తకం నిండా చీవాట్లు తిన్నది ఈయనే. గుమ్మటం ప్లాన్‌లో ఉంది, దాన్ని మోయాల్సిన స్తంభాలూ లేచాయి. గుమ్మటం మాత్రం లేవలేదు. నీడ పడి తమ లైబ్రరీలో వెలుతురు పోతుందని పక్క మఠంవాళ్లు అడ్డుపడ్డారని రోమ్‌లో ఒక కథ చెబుతారు. డబ్బు చాలలేదన్నది అంతకంటే నమ్మదగ్గ మాట.

ఆ ఖాళీలోకి 1685లో బ్రదర్ ఆండ్రియా పోజ్జో వచ్చాడు. ట్రెంటోలో పుట్టినవాడు, జెస్యూట్ సభలో ఫాదర్ కాని మామూలు బ్రదర్. గుండ్రటి కాన్వాసు మీద గుమ్మటాన్ని బొమ్మగా వేసి, అసలుది ఉండాల్సిన చోట బిగించేశాడు. అందులోని స్తంభాలు గోడలోంచి పొడుచుకొచ్చిన దిమ్మల మీద నిలబడి ఉంటాయి. నిజమైన కట్టడంలో ఇలా ఎవరైనా కడతారా అని కొందరు ఆర్కిటెక్టులు తప్పుపట్టారు. దానికి పోజ్జో తర్వాత తన పర్‌స్పెక్టివ్ పుస్తకంలో జవాబిచ్చాడు: దిమ్మలు విరిగి స్తంభాలు కూలిపోతే నష్టమంతా తానే భరిస్తానని చిత్రకారుడైన ఒక మిత్రుడు మాటిచ్చాడట. విమర్శకుడికి ఇంతకంటే మర్యాదగా బదులివ్వడం కష్టం.

అసలు పని నడిమి హాలు పైకప్పుది. 1694కల్లా పూర్తయింది. ఆ పైకప్పు చదునుగా లేదు, సగానికి కోసిన గొట్టంలా వంగి ఉంటుంది. దాని మీద నిటారైన స్తంభాలు, అంతస్తు మీద అంతస్తు, ఆపైన తెరుచుకున్న ఆకాశం కనిపించాలి. వంపు మీద నిటారు గీత గీస్తే అదీ వంగిపోతుంది. అందుకని పోజ్జో ముందు కాగితం మీద బొమ్మను గళ్లుగా విడగొట్టాడు. వంపు మొదలయ్యే ఎత్తులో దారాలతో గళ్ల వల కట్టడం, కింద చూసేవాడి కన్ను ఉండే చోట రాత్రిపూట దీపం పెట్టి ఆ వల నీడను పైకప్పు మీద పడనివ్వడం, దీపం వెలుగు అందనంత దూరమైతే ఆ చోటినుంచే దారం లాగి గుర్తులు పెట్టుకోవడం: పద్ధతంతా ఆ పుస్తకంలో ఉంది. దగ్గరగా చూస్తే ఆ గీతలు వంకరటింకర. పచ్చి సున్నం ఆరిపోయేలోగా, పరంజా మీద మెడ వెనక్కి వాల్చి వేసిన వంకరలు అవి.

వాటిని తిన్నగా చేసే చోటు నేల మీద ఉంది, గుండ్రటి పాలరాతి బిళ్ల. అక్కడ నిలబడితే గోడలు ఆగవు, పైకి పోతూనే ఉంటాయి. క్రీస్తు నుంచి బయల్దేరిన వెలుగు ఇగ్నేషియస్‌ను తాకి నాలుగు ఖండాలకూ చీలుతుంది. ఒంటెతో పాటు ఉన్న స్త్రీ మన ఆసియా. బిళ్ల మీంచి పది అడుగులు పక్కకి వేస్తే స్తంభాలన్నీ మొగ్గుతాయి, ఇంకో పది వేస్తే కూలడానికి సిద్ధమవుతాయి. ముందుకు పోతే గుమ్మటం కోసం ఇంకో బిళ్ల వస్తుంది. దాన్ని దాటి ఆల్టర్ దాకా వెళ్లి వెనక్కి తిరిగితే గుమ్మటం వికారంగా సాగిపోయి, బొమ్మేనని ఒప్పేసుకుంటుంది. ఈ కాలమిస్టు లెక్కలో చర్చి మొత్తానికి మంచి చోటు ఇదే. భ్రమలో పడటం ఎవరికైనా తేలికే, అది ఎక్కడ విడిపోతుందో అడుగులతో కొలుచుకోవడంలో పోజ్జో పనితనం తెలుస్తుంది. అద్దం ఒక్క చోటునే చూపిస్తుంది.

గుమ్మటం కోసం కట్టిన స్తంభాలకు మటుకు చివరికి పని దొరికింది. 1850ల మొదట్లో ఫాదర్ ఆంజెలో సెక్కి తన అబ్జర్వేటరీని చర్చి కప్పు మీదికి మార్చాడు. టెలిస్కోపు అదరకుండా నిలవాలంటే, అంత బరువుకు కట్టి ఏ బరువూ మోయని రాతిపని కంటే కావలసిందేముంది? నక్షత్రాల వెలుగును విడదీసి చూసి వాటిని తరగతులుగా విభజించిన తొలి శాస్త్రజ్ఞుల్లో సెక్కి ఒకడు. గెలీలియోతో తోకచుక్కల గొడవ పడ్డ గ్రాస్సీ స్తంభాల మీదే ఆ పని జరిగింది. అంతకుముందు, 1847 నుంచే, మధ్యాహ్నం పన్నెండింటికి ఈ చర్చి మీంచి బంతిని జారవిడిస్తే, అది చూసి నది అవతలి కోటలో ఫిరంగి పేల్చేవారు. ఊళ్లోని గడియారాలు దాన్నిబట్టి సరిచూసుకునేవి. ఆ ఫిరంగి 1904లో జానికులం గుట్ట మీదికి మారింది. ఇప్పటికీ రోజూ పన్నెండింటికి పేలుతుంది.