మూడు సెకన్ల మాటు

చిన్నప్పుడు మా వీధిలోకి "బిందెలకు మాట్లేస్తాం" అని కేకేస్తూ ఒకాయన వచ్చేవాడు. రాగి మొన ఉన్న కడ్డీని కుంపట్లో కాల్చి, నవాసాగరం మీద రుద్ది, తగరం కరిగించి చిల్లు పూడ్చేవాడు. ఆ మొన బొటనవేలికన్నా లావుగా ఎందుకుండేదో అప్పుడు తెలియలేదు. నా చేతుల్లో ఒక బోర్డు పాడయ్యాకే తెలిసింది.

కాలేజీ రోజుల్లో కోఠి గుజరాతీ గల్లీలో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కొన్నాను. బిట్ సూదిలా ఉండేది. సన్న పనికి సన్న బిట్టే మంచిదనుకున్నాను. రెసిస్టర్లు, ఎల్‌ఈడీలు బాగానే అతికాయి. ఒకరోజు ఆంప్లిఫయర్ బోర్డులో కెపాసిటర్ మార్చబోయాను. దాని ఒక కాలు వెడల్పాటి గ్రౌండ్ రాగిపొరకు అతికి ఉంది. బిట్ ఆనించాను, లెడ్ (అతుకు వేసే సోల్డర్‌ను మేమలాగే పిలుస్తాం) కరగలేదు. నొక్కిపట్టి ఇరవై దాకా లెక్కపెట్టాను. చివరికి కెపాసిటర్ కాలుతో పాటు రాగిపొర కూడా లేచి వచ్చేసింది.

వేడి ఎక్కువై కాలిందనుకున్నాను. నిజానికి చాలక కాలింది. వెడల్పాటి రాగి వేడినంతా లాగేసింది. సన్న బిట్‌లో వేడి నిల్వ లేదు, 25 వాట్ల హీటర్ ఆ లోటు పూడ్చలేకపోయింది. లెడ్ కరిగించలేని ఆ వేడే, అంతసేపు ఆనేసరికి పొరకింది జిగురును వదులు చేసింది. మాట్లాయన కడ్డీ మొన లావుగా ఉన్నది అందుకే. బిందె ఎంత లాగినా ఆ మొనలో ఇంకా వేడి మిగిలేది.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా, వేడి అదుపు చేసుకునే 60 వాట్ల ఐరన్ కొనమంటాను. బిట్ చల్లబడగానే సెన్సర్ పసిగట్టి హీటర్‌కు కరెంటు అందిస్తుంది. తగరం, సీసం కలిసిన 60/40 లెడ్ 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. ఐరన్‌ను మాత్రం 320 నుంచి 350 మధ్య పెట్టుకుంటాను. సీసం లేని రకాలు చాలావరకు 217 దాటాకే కరుగుతాయి కాబట్టి వాటికి ఇంకాస్త పెంచాలి. బిట్ రెండు మిల్లీమీటర్ల ఉలి మొన అయితే చాలా పనులకు సరిపోతుంది. సూది మొన చుక్కంత మేరే తాకుతుంది, ఉలి మొన కాలినీ రాగినీ ఒకేసారి ఒరుసుకుంటుంది. విడిగా బిట్లు దొరికే మోడల్, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ చూసుకోవాలి. బిట్ నల్లబడితే గరుకు కాగితంతో గీకకూడదు. పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగిని లెడ్ తినేస్తుంది. తడి స్పాంజితో తుడిచి, కొత్త లెడ్ పూసి ఉంచితే చాలు.

ఆ ఆంప్లిఫయర్‌ను నేను పారేయలేదు. పొర పోయినచోట రాగితీగ వేశాను. కొత్త ఐరన్ ఆనించి ఒకటి, రెండు, మూడు అనేసరికి లెడ్ తీగచుట్టూ పాకి మెరిసింది. ఆ అతుకు మీదే అది ఇప్పటికీ పాడుతోంది.